పట్టకారు, తడి గోనెసంచి

మా ఊళ్ళో పార్టీలు రెండు, టైలరు ఒక్కడు. ఆ ఒక్కడూ నేనే. మాచర్ల రోడ్డు మీద ఒక పార్టీ వీధి ఎక్కడ అయిపోతుందో, రెండో పార్టీ వీధి ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా అక్కడ నా మిషను ఉంటుంది. రెండు వైపుల వాళ్ళ నడుం కొలతలూ నాకు తెలుసు. కడుపులో ఏముందో మాత్రం ఏనాడూ టేపు పెట్టి చూడలేదు. నాకు తెలిసింది కుట్టు. కుట్రలు వాళ్ళ వ్యవహారం. ఈ మాట కూడా ఇంట్లోనే అంటాను, మా ఆవిడ ముందు, అదీ తలుపు వేశాక. చేతిలో కత్తెర ఉన్నవాడికి ఇంత పిరికితనమేమిటని మీరు అడగవచ్చు. నా ధైర్యం సూది మొనంత, అదీ దారం ఎక్కించక ముందు.

నా షాపు గోడకు ఆనుకుని ఉన్న ఇల్లు మిలట్రీ అన్నది. ఊళ్ళో అందరూ ఆయన్ను మిలట్రీ అనే పిలిచేవాళ్ళు. మీసాలు రాకముందే సైన్యంలోకి వెళ్ళి, అవి నెరిసే వేళకు తిరిగొచ్చాడు. సరిహద్దు కొండల మీద యుద్ధం జరిగినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. ఎడమ కాలి వేళ్ళు రెండు అక్కడే ఉండిపోయాయి. మంచు కొరికిందని చెప్పేవాడు, ఏదో పక్కింటి కుక్క కరిచిందన్నంత మామూలుగా.

వచ్చిన కొత్తలో ఒకరోజు నా షాపు బల్ల మీద కూర్చున్నప్పుడు అడిగాను, అక్కడ నువ్వేం చేసేవాడివన్నా అని.

“లంగర్లో ఉన్నా తమ్ముడా.”

“లంగరంటే ఓడకు గదన్నా వేసేది?”

“ఓడకు లంగరు వేస్తారు, సిపాయికి లంగర్లో పెడతారు. వంటసాల రా. నేను వంటోణ్ణి.”

అదే మాట ఆయన టీకొట్టు దగ్గరా చెప్పాడు, మంగలి షాపులోనూ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. వంట చెయ్యడానికి అంత దూరం, అన్నేళ్ళు ఎవడైనా పోతాడా? యుద్ధంలో వేళ్ళు పోగొట్టుకున్నవాడు వంటవాడెట్లా అవుతాడు? అసలు సంగతి బయటికి చెప్పకూడదు గనక అట్లా చెబుతున్నాడని ఊరు తీర్మానించింది. మా ఊరు ఒకసారి తీర్మానించిందంటే దానికి అప్పీలు లేదు.

ఆ నమ్మకం ఊరికే పోయేదయితే నేనీ నాలుగు మాటలూ రాసేవాణ్ణి కాదు.

ఆ ఏడు పంచాయతీ ఎన్నికలయ్యాయి. ఒకామె బర్రెకు గడ్డి పీకుతుంటే వాములో చేతికి ఏదో తగిలింది. పురికొస బిగించి చుట్టిన బత్తాయికాయంత ఉండ. మా ప్రాంతంలో దాన్ని చూసి ఇదేంది అని అడిగే మనిషి ఉండడు. పాలు మానిన పిల్లకాయకు కూడా నాటుబాంబు తెలుసు.

పోలీసులకు చెప్పొచ్చుగా అని బయటివాళ్ళు అంటారు. చెబితే వస్తారు. బాంబుతోపాటు మనుషుల్నీ ఏరుకుపోతారు. ఎవరు పెట్టారో తేలదు గనక రెండు వీధుల్లోనూ మీసం మొలిచిన ప్రతివాడి పేరూ కేసులోకి ఎక్కుతుంది. ఆ తర్వాత గురజాల కోర్టు, వకీలు, జామీను, వాయిదా మీద వాయిదా. మిరప కోతల వేళ మగవాళ్ళంతా ఊరొదిలి పోతే కాయ చెట్టుమీదే తెల్లబారి తాలైపోతుంది. అందుకని మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. బాంబు చుట్టినవాడు ఏ పార్టీవాడైనా, దొరికిన బాంబు మాత్రం ఊరిది. రెండు పార్టీలూ కలిసి గుట్టుగా తీసి పారేస్తాయి. అంతకుముందు పొడుగాటి కర్రలతో నెట్టి పాడుబావిలో వేసేవాళ్ళు. ఇప్పుడు మిలట్రీ ఉన్నాడు గదా!

ఒక పార్టీ పెద్దమనిషి స్వయంగా వచ్చాడు. నేను అప్పుడు మిలట్రీ అన్న అరుగు మీదే ఉన్నాను.

“భోంచేస్తన్నావా అబ్బాయ్? చెయ్యి కడుక్కుని ఒకసారి రావాలి.”

సంగతి విని అన్న ముద్ద కంచంలోనే వదిలేశాడు. “పెదనాయనా, నేను వంట చేసినోణ్ణి. తుపాకీ పట్టిందే ట్రైనింగులో. బాంబుల సంగతి నాకేం తెలుసు?”

“తెలుసులే. బయట చెప్పకూడదని మీకాడ ఒట్టేయించుకుంటారంట గదా. మా దగ్గర కూడా దాస్తే ఎట్టా? మేమేమన్నా పాకిస్తానోళ్ళమా?” అని, పక్కన నేనున్నానని గుర్తొచ్చి, “నిన్ను గాదులే సాయిబూ,” అన్నాడు ఆ పెద్దమనిషి.

“ఫరవాలేదు పెదనాయనా,” అన్నాను. మా తాత సత్తెనపల్లి అవతలకు ఎప్పుడూ పోలేదని చెబుదామనుకున్నాను గానీ, సందర్భం అది కాదు.

మేం వెళ్ళేసరికి వాము చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు. ఒకడు చెరుకుముక్క నములుతూ వంగి చూస్తున్నాడు. మిలట్రీ అన్న ఒక్క కేక వేశాడు. “ముందు పిల్లకాయల్ని లాగండహే అవతలికి!” అందరూ గోడల వెనక్కి పోయారు. “అదీ మిలట్రీ అంటే. ఆ గొంతు చూశావా!” అని నా చెవిలో ఎవరో అన్నారు. నిజానికి అది వంటశాలలో వరస తప్పిన సిపాయిల మీద వేసే కేక.

ఇంటికి మనిషిని పంపి వదిన వంటింట్లోంచి పట్టకారు తెప్పించుకున్నాడు. నీళ్ళలో ముంచిన గోనెసంచి ఒకటి అడిగాడు. ఆ రెండే. పిల్లి నడిచినట్టు నడిచి, ఊపిరి కూడా వదలకుండా దాన్ని సంచిలోకి దించి, ఊరవతల నాపరాయి క్వారీ గుంట దాకా మోసుకెళ్ళి నీళ్ళలో వదిలాడు. తిరిగొచ్చాక ఆయన చొక్కా వీపంతా తడిసి ఉంది. నేను కుట్టిన చొక్కానే. భుజాల దగ్గర కొంచెం బిగువైందని అప్పుడు గమనించాను. అట్లాంటప్పుడు కూడా మనిషి బుర్ర తన వృత్తినే అంటిపెట్టుకుని ఉంటుంది.

“ఎట్టా చేశావన్నా?”

“వందమందికి ఉడికిన పప్పు డేగిసా, మంచులో జారే దారిమీద ఒలక్కుండా ఎట్టా దించుతామో అట్టా దించా. నాకొచ్చిన విద్య అదొక్కటే తమ్ముడా,” అన్నాడు. నవ్వాడు గానీ పళ్ళు కొట్టుకుంటున్నాయి, ఎండాకాలంలో.

ఎన్నికలు అయిదేళ్ళకోసారి వస్తాయని పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. మా ఊళ్ళో అట్లా ఉండదు. పంచాయతీ, మండలం, సొసైటీ, అసెంబ్లీ. ఏదీ లేకపోతే పాత ఎన్నికల పగ. ఏదో ఒక పాకలోనో, కల్వర్టు కిందో ఉండ ఒకటి దొరికేది. తలుపు కొట్టేవాళ్ళు. పట్టకారు, తడి గోనెసంచి. వదిన వంటకు వేరే పట్టకారు కొనుక్కుంది. జనం గోడల వెనక నిలబడి చూసేవాళ్ళు. వాళ్ళలో ఆ ఉండ చుట్టినవాడూ ఉండే ఉంటాడు. ఎవడో నాకు తెలియదు. అందరి ఒంటిమీదా నేను కుట్టిన చొక్కాలే.

వదిన ప్రతిసారీ గొడవ పడేది. “ఏమయ్యా, ఆడ గరిటె తిప్పి ఈడ ప్రాణాల మీదికి తెచ్చుకుంటన్నావు. ఈళ్ళు పెట్టుకున్న బాంబులు ఈళ్ళే తీసుకోనీ. నాకు రాదని తెగేసి చెప్పు.”

ఒక్కసారి చెప్పాడు. నాకు రాదు, నేను రాను, పోలీసుల్ని పిలవండి అని గడప దాటకుండా చెప్పాడు. వచ్చినవాళ్ళు సరేలే అని వెళ్ళిపోయారు. వెళ్ళి, పంచాయతీలో వీధులు ఊడ్చే అక్కను పిలిచి, చెత్తకుప్పలో ఏందో గుడ్డల ఉండ ఉంది, ఎత్తి అవతల పారెయ్యమని చెప్పారు.

ఆ మోత నా షాపులోకి వినిపించింది. సూది విరిగింది.

ఆమె కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఒక కన్ను పోయింది. ఇంట్లో గ్యాసు పొయ్యి పేలిందని అందరి చేతా చెప్పించారు. ఆమె ఇంట్లో గ్యాసు పొయ్యి లేదు.

మిలట్రీ అన్న ఆమె గుడిసెకు వెళ్ళి నులకమంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆమె ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేదని తర్వాత నాతో అన్నాడు. ఆ రోజు నుంచి ఎప్పుడు తలుపు కొట్టినా వెళ్ళాడు. వదిన అడ్డం నిలబడితే ఒకటే మాట. “నేను పోకపోతే ఇంకొకళ్ళు పోతారే. ఆ ఇంకొకళ్ళు ఎవరో నీకు తెలుసు, నాకు తెలుసు.” వదిన పక్కకు తప్పుకునేది.

అట్లా ఏళ్ళు గడిచాయి. కిందటి పంచాయతీ ఎన్నికల ముందు వర్షాకాలంలో ఒకరోజు తన చొక్కాలన్నీ సంచిలో వేసుకొచ్చాడు.

“తమ్ముడా, వీటికి గుండీలు పీకేసి టిచ్ బటన్లు వెయ్యరా.”

“ఏందన్నా, ఈ వయసులో ఫ్యాషనా? వదిన చూస్తే నన్ను తంతది.”

ఆయన నవ్వలేదు. అప్పుడే కుర్రాడెవరో టీ తెచ్చి ఇచ్చాడు. గ్లాసు ఆయన చేతికి వెళ్ళగానే టీ అంచుదాకా ఎగిరి వేళ్ళ మీద పడింది. ఆయన రెండో చెయ్యి కూడా పట్టాడు. రెండు చేతులూ కలిసి వణికాయి. గ్లాసు కింద పెట్టేసి రోడ్డువైపు చూస్తూ కూర్చున్నాడు.

“ఎప్పట్నుంచి?”

“చానా రోజులైంది. నరసరావుపేటలో చూపించా. నరాల జబ్బంట. మాత్రలేసుకుంటే నెమ్మదిస్తది గానీ పోదంట.”

“వదినకు తెలుసా?”

“అన్నం కలిపి పెట్టేది ఆమేగా. తెలవకుండా ఎట్టా ఉండిద్ది?”

గుండీలు నా దగ్గర డబ్బాలకొద్దీ ఉన్నాయి. ఆ రోజు జారిపోయింది గుండె. చలికాలం దాటితే ఎన్నికలు. ఎన్నికలు దాటితే తలుపు కొడతారు. ఆ చేతులతో ఈయన పట్టకారు పట్టుకుంటే ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు. వెళ్ళనంటే ఏమవుతుందో కూడా తెలుసు.

“చేతులు వణుకుతున్నయ్యని చెప్పేద్దామన్నా, రెండు పార్టీలకీ,” అన్నాను.

“చెప్పా. ఒకసారి తీసిన చెయ్యి మరిచిపోయిద్దా అన్నాడు పెద్దాయన. సైకిలు తొక్కడం మరిచిపోతామా అని అడిగాడు.”

ఉపాయం వదిన చెప్పింది. నా రెండో కూతురి పెళ్ళి కుదిరింది. ఆ సంగతి తెలిసి, కొంగు బిగించుకుని షాపులోకి వచ్చింది. “మరిదీ, నీ కూతురి పెళ్ళిలో మీ అన్న చేత వంట చేయించు. ఊరందరి ముందూ. నోటితో చెబితే నమ్మని వాళ్ళు నాలికతోనన్నా నమ్ముతారేమో. వంటోడని తెలిస్తే ఇంక వాళ్ళే పిలవరు.”

బిర్యానీ మా బావర్చీది. ఆయన డేగిసా దగ్గరకు అల్లాని తప్ప ఎవర్నీ రానివ్వడు. పప్పు, పూరీ, హల్వా మిలట్రీ అన్నకు అప్పజెప్పాను. షామియానా వెనక గాడిపొయ్యిలు తవ్వించి, రోడ్డున పోయే ప్రతివాడికీ కనపడేట్టు పరదా తీయించాను. మడిచిన లుంగీ, నెత్తికి తుండు. ఆ పూట ఆయన్ను చూస్తే ఎవరికైనా అర్థమవ్వాలి. పడవ తెడ్డంత గరిటె రెండు చేతులా పట్టుకుని హల్వా కలుపుతుంటే ఆ బరువుకు చేతుల వణుకు కనపడలేదు. మనుషుల్ని వరసలో నిలబెట్టాడు. పూరీ పూరీకీ ఒకే రంగు. ఉప్పు చేత్తో చల్లి, రుచి చూడకుండానే సరిపోయిందన్నాడు. సరిపోయింది.

రెండు పార్టీల వాళ్ళూ వచ్చారు. ఒకళ్ళు తిని వెళ్ళాక ఇంకొకళ్ళు. పెద్దమనిషి హల్వా రెండోసారి పెట్టించుకుని, వేళ్ళు నాక్కుంటూ పొయ్యిల దగ్గరకు వచ్చాడు.

“ఏందబ్బాయ్, ఇన్నేళ్ళూ ఈ విద్య కూడా దాచిపెట్టావు! బాంబు తీసే చేత్తో ఇట్టాంటి హల్వానా! మిలట్రీలో నేర్పని పనే ఉండదు గదా.”

“ఇదొక్కటే నేర్పారు పెదనాయనా. బాంబులు నేర్పలా,” అన్నాడు అన్న. చేతులు జోడించినట్టుగా పెట్టి అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళంతా పెద్దగా నవ్వారు. “ఎంత అణకువో చూడండ్రా,” అన్నాడు పెద్దమనిషి. “నేర్చుకోండి. రెండు టపాకాయలు కాలిస్తే మీసం తిప్పుతారు మీరు.”

వదిన పూరీల గంప నేలమీద పెట్టేసి ఇంటికి వెళ్ళిపోయింది. నిజం చెప్పే కొద్దీ ఊరికి ఆయన పెద్ద వీరుడైపోతున్నాడు. నా కూతురి పెళ్ళి బాగా జరిగింది. నేను వేసిన పథకాల్లో పారింది అదొక్కటే.

ఎన్నికలయ్యాయి. మిరప రెండో కోత నడుస్తోంది. మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్ళు బండి ఆపి నా షాపులోకి తొంగి చూశారు. “మిలట్రీ తాత ఏడి సాయిబూ? ఇంటికి తాళమేసుంది. మా బాబాయి గొడ్లపాక కాడ ఒకటి దొరికింది.”

తాళం వదిన వేసింది, ముందు వాకిలికి. ఆయన లోపల మాత్ర వేసుకుని నిద్రపోతున్నాడు.

“నరసరావుపేట ఆసుపత్రికి పోయారు. పొద్దుగూకి వస్తారేమో,” అన్నాను. 

“వచ్చిందాకా ఆగుతాంలే. ఆలస్యమైతే ఆ ఊడ్చే ఆమె బదులొచ్చిన చెల్లెలు ఉందిగా,” అని ఒకడు రెండోవాడితో అన్నాడు. బండి వెళ్ళిపోయింది.

వెనక తలుపులోంచి వదిన వచ్చింది. అంతా విన్నదని ముఖం చూస్తేనే తెలిసింది. బొడ్లోంచి ఫోను తీసింది. “నువ్వు మిషను తొక్కుతా ఉండు మరిదీ. ఆపబాక.”

తొక్కాను. సూదిలో దారం లేదు, సూది కింద గుడ్డ లేదు. ఉత్త మిషను టకటకలాడుతుంటే ఆమె పోలీసులతో మాట్లాడింది. ఊరు చెప్పింది, వీధి చెప్పింది, పాక ఎవరిదో చెప్పింది. ఎవరమ్మా నువ్వు అని అటువైపు అడిగినట్టున్నారు. తన పేరు చెప్పింది. అంతకాలం పక్కన ఉండి ఆ పేరు నేను వినడం అదే మొదలు.

“పేరెందుకు చెప్పావు వదినా?”

“చెప్పకపోతే నువ్వు చెప్పావంటారు. నీకు పార్టీ లేదు. నిన్ను కాసేవాడెవడు?”

పొద్దు వాలకముందే జీపులు వచ్చాయి. వెనక ఒక వ్యాను, అందులో బాంబులు తీసే మనుషులు. ఒక కుర్రవాడికి ఇద్దరు పట్టుకుని కోటు తొడిగారు. నేను పుట్టి బుద్ధెరిగి అట్లాంటి కుట్టు చూడలేదు. పొర మీద పొర, పొర మీద పొర. మెడపట్టీ గొంతు దాటి గడ్డం దాకా లేచి ఉంది. ఛాతీ ముందు పలక. కాళ్ళకూ అంతే మందం. మిలట్రీ అన్న నిద్ర లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఎవరు పిలిపించారని అడగలేదు. కోటువైపే చూస్తున్నాడు.

“లోపల ఏం కుట్టి ఉంటారు తమ్ముడా?”

“తెలవదన్నా. మామూలు గుడ్డ గాదు.”

“నాకు గోనెసంచి ఇచ్చార్రా,” అన్నాడు. కోపంగా కాదు. సంతలో తక్కువ రకం గుడ్డ అంటగట్టారని తెలుసుకున్నవాడు అన్నట్టు అన్నాడు.

ఆ కుర్రవాడు చాలాసేపు తీసుకున్నాడు. గోడల వెనక జనం విసుక్కున్నారు. “మన మిలట్రీ అయితే బీడీ కాల్చినంతలో తీసి పారేసేవాడు.”

తర్వాత జరిగింది ఊరంతా భయపడ్డదే. ఇళ్ళు వెతికారు. రెండు వీధుల్లోనూ ఇంకా దొరికాయి. కుర్రాళ్ళు కృష్ణ దాటి కొందరు, ఒంగోలు వైపు కొందరు పారిపోయారు. దొరికినవాళ్ళు గురజాల కోర్టు మెట్ల మీద కూర్చున్నారు. మిరపకాయ చెట్టుమీదే తెల్లబడింది. ఆడవాళ్ళు కోసినంత కోశారు, కోయలేనంత వదిలేశారు. తాలుకాయ కళ్ళం పక్కన నుంచి వెళ్తుంటే ఆ ఘాటుకు కళ్ళు మండేవి. ఎవరు ఏడుస్తున్నారో ఎవరికి కాయ ఘాటు తగిలిందో తెలిసేది కాదు.

వదినకు పాలు పోసే ఆమె రావడం మానేసింది. కుళాయి దగ్గర ఆమె బిందె పెడితే మిగతా బిందెలు జరిగేవి. మిలట్రీ అన్న టీకొట్టుకు వెళ్ళి కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. నన్ను వదిన చెప్పిన పేరే కాపాడింది, చాలావరకు. ఒకాయన మాత్రం కాజాలు తియ్యని చొక్కాను అట్లాగే లాక్కుపోయాడు. పగకు గుండీలతో పనిలేదు.

“ఇన్నేళ్ళకు నిద్ర పడతంది తమ్ముడా,” అని ఒకరోజు అన్నాడు అన్న. “తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేవాణ్ణి. ఇప్పుడు లేదు.” వీధివైపు చూసి, “ఇప్పుడు తలుపు ఎవరూ కొట్టట్లా,” అన్నాడు.

మధ్యాహ్నాలు నా షాపులో గడిపేవాడు. అప్పుడే అడిగాను, యుద్ధంలో ఏం చూశావని. ఆయన నన్ను వింతగా చూశాడు. “ఎన్ని బాంబులు తీశావని అందరూ అడిగారు గానీ, ఇది ఎవరూ అడగలేదు రా.”

చెప్పాడు. మాట కూడా అప్పటికి తడబడుతోంది. “పొద్దున లెక్క చెప్తారు, ఇంతమందికి రొట్టెలని. చేస్తాం. మూటలు గట్టుకుని పైకి మోసుకుపోతాం. గుండ్లు పడతానే ఉంటయ్. మేం పోయేతలికి తినేవాళ్ళు తగ్గి ఉంటారు. మిగిలిన రొట్టెలు మళ్ళీ కిందికి మోసుకు రావాల. ఎక్కేటప్పటి మోతకంటే ఆ మోత బరువు. ఎవరు పోయారో పేర్లు మాకు తర్వాత తెలిసేవి. ముందు రొట్టెలే చెప్పేవి. మర్నాడు లెక్క తగ్గించి చెప్పేవాళ్ళు. నేను తగ్గించేవాణ్ణి కాదు. పాత లెక్కకే చేసేవాణ్ణి. మా సుబేదారు తిట్టేవాడు, పిండి దండగని.”

“ఎందుకు తగ్గించలేదన్నా?”

“తగ్గిస్తే నేను కూడా ఒప్పుకున్నట్టే గదరా.”

మరుసటి వర్షాకాలానికి ఆయన గొంతు మూసుకుపోయింది. ఆ జబ్బు చివర్లో మింగనివ్వదట. వందలమందికి వండినవాడు గంజి చెంచాకు కూడా పొలమారేవాడు. వదిన చెంచా పట్టుకుని గంటలు గంటలు కూర్చునేది. ఒక తెల్లవారుజామున పోయాడు.

వినుకొండ నుంచి కూతురూ అల్లుడూ, రొంపిచెర్ల నుంచి వదిన పుట్టింటివాళ్ళూ వచ్చారు. నరసరావుపేట నుంచి ముగ్గురు మాజీ సిపాయిలు వచ్చి సెల్యూట్ కొట్టారు. పాడె మొయ్యడానికి మనుషులు సరిపోయారు. వెనక నడవడానికే లేరు. ఈ వీధిలో తలుపులు మూసి ఉన్నాయి, ఆ వీధిలోనూ మూసి ఉన్నాయి. బాంబుల సంగతి తప్పితే మా ఊళ్ళో రెండు పార్టీలూ ఒక్క మాట మీద నిలబడటం నేను చూసింది అదొక్కసారే.

పెద్దకర్మ నాడు వదిన గాడిపొయ్యిలు తవ్వించింది. రెండు వీధులకూ సరిపడా బియ్యం కడిగింది.

“ఎవరొస్తారు వదినా? కొంచెం తగ్గించు,” అన్నాను.

“తగ్గించేది లేదు,” అంది.

మొదట వచ్చింది పంచాయతీలో వీధులు ఊడ్చిన అక్క. విస్తరి ముందు కూర్చుని ఎడమచేత్తో తిన్నది. మెల్లగా, ఒక్క మెతుకు వదలకుండా. తర్వాత మా ఇంటివాళ్ళం, చుట్టాలు. అంతే. విస్తళ్ళ కట్టలు కట్టలుగానే ఉండిపోయాయి. సాయంత్రానికి వదిన డేగిసా మూత తీసి చూసింది. గరిటె పడని అన్నం గట్టిపడి అంచుల దాకా ఉంది.

“చూశావా మరిదీ,” అంది, “ఊళ్ళో ఎంతమంది పోయారో.”

ఈ ఏడాది మసీదుకు పోయే సందులో, కూలిన గోడ పక్కన మళ్ళీ ఒకటి కనపడింది. వదినను అల్లుడు వినుకొండ తీసుకుపోయాడు. పోలీసులకు చెప్పేవాళ్ళు లేరు. తీసే మనిషి లేడు. ఊడ్చే అక్క చెల్లెలు ముందే కూతురి దగ్గరకు పిడుగురాళ్ళ వెళ్ళిపోయింది. రెండు పార్టీల పెద్దలూ దూరం నుంచి చూసి, దానిమీద తుమ్మకంప వేయించారు. దారిని అవతల ఖాళీ స్థలంలోకి తిప్పారు. కంప ఎండిపోతే దానిమీద మళ్ళీ పచ్చి కంప వేశారు. వర్షానికి అది పాడైపోయి ఉంటుందని కొందరంటారు, అట్లాంటివి పాడవవని కొందరంటారు. పిల్లల బంతి అటువైపు పోతే బంతిని వదిలేస్తున్నారు.

రోజూ అయిదుపూటలా నేను ఆ పక్కనుంచే చుట్టు తిరిగి పోతాను. ఎవరో ఒకరు ఎదురవుతారు. కంప వైపు చూస్తారు, నా వైపు చూస్తారు, నిట్టూరుస్తారు.

“మిలట్రీ ఉంటేనా సాయిబూ,” అంటారు.